జెండా ఇచ్చిన మాస్టారు, ఆయన ఇల్లు

హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో ఇది జూబ్లీల కాలం. గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం 1974లో పుట్టింది. ట్రిపుల్ ఐటీ, మాదాపూర్‌లో సైబర్ టవర్స్ రెండూ 1998 నాటివి. పాతికేళ్లో యాభై ఏళ్లో నిండినప్పుడు ప్రత్యేక సంచికలు వేస్తాం. వ్యవస్థాపకుల ఫొటోలు, కనుమూసిన గురువుల పేర్లు గౌరవంగా అచ్చువేస్తాం. ఆ గురువుల ఇళ్లలో ఇప్పుడు ఎవరున్నారు, ఎలా బతుకుతున్నారు అన్న సంగతికి మాత్రం ఆ సంచికల్లో చోటు తక్కువ.

ఆ సంగతి చెప్పుకోవాలంటే హైటెక్ సిటీ నుంచి ట్యాంక్‌బండ్ దాకా రావాలి. 1986లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం అక్కడ నిలబెట్టిన విగ్రహాల్లో ముట్నూరి కృష్ణారావు, పింగళి వెంకయ్య ఉన్నారు. ఒకరు కృష్ణా పత్రిక సంపాదకుడు, మరొకరు జాతీయ జెండా రూపకర్త. ఇద్దరినీ కలిపిన చోటు బందరు (మచిలీపట్నం)లోని ఆంధ్ర జాతీయ కళాశాల.

1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశంలో చేసిన పర్యటన బందరు యువకులను కుదిపేసింది. స్వదేశీ వస్తువులు కొంటే సరిపోదు, చదువు కూడా స్వదేశీ కావాలని వాళ్లు నిశ్చయించుకున్నారు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య కలిసి 1910లో జాతీయ కళాశాలను నెలకొల్పారు. అక్కడ పుస్తకాల చదువు పక్కనే నేత, వడ్రంగం, యంత్రాల పని, చిత్రలేఖనం సాగేవి. బెంగాల్ నుంచి వచ్చిన చిత్రకారుడు ప్రమోద్‌కుమార్ చటోపాధ్యాయ అక్కడే బొమ్మలు నేర్పారు. అడివి బాపిరాజు ఆయన శిష్యుడే. దాతల విరాళాలే కళాశాలకు ఊపిరి. హనుమంతరావు దాని కోసమే పాటుపడి 1922లో కన్నుమూశారు.

అలాంటి చోటికి అధ్యాపకుడిగా వచ్చారు పింగళి వెంకయ్య. దివిసీమ దగ్గరి భట్లపెనుమర్రు ఆయన పుట్టిన ఊరు. కుర్రతనంలోనే సైన్యంలో చేరి, దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధానికి వెళ్లారు. తిరిగి వచ్చాక మునగాల పరగణాలోని నడిగూడెంలో, రాజా నాయని వెంకట రంగారావు ఆదరణలో, కంబోడియా పత్తి మీద ప్రయోగాలు చేశారు. జనం ఆయన్ను పత్తి వెంకయ్య అన్నారు. జపనీస్ భాష నేర్చి ప్రసంగించాక జపాన్ వెంకయ్య అయ్యారు. తర్వాతి రోజుల్లో ఖనిజాల వెంట తిరిగి వజ్రాల వెంకయ్య అనిపించుకున్నారు. కళాశాలలో ఆయన వ్యవసాయం, చరిత్ర చెప్పేవారు, గుర్రపు స్వారీ కూడా నేర్పేవారు. మాజీ సైనికుడు మాస్టారైతే విద్యార్థులకు దక్కే లాభం అదే. తాను చూసిన ప్రపంచాన్నంతా ఆయన తరగతి గదిలోకి తెచ్చారు.

జెండా ఆలోచన కూడా ఆ రోజుల్లోనే బలపడింది. 1916లో భారతదేశానికి ఒక జాతీయ పతాకం కావాలంటూ, రకరకాల నమూనాలతో బందరు నుంచి ఇంగ్లీషులో ఒక పుస్తకం వెలువరించారు. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైనప్పుడు ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం ఉన్న జెండాను గాంధీజీకి అందించారు. తెలుపు చేర్చమన్నది గాంధీజీ. అదే ఏడాది ఏప్రిల్‌లో యంగ్ ఇండియాలో జెండా గురించి రాస్తూ ఆయన వెంకయ్యను మచిలీపట్నం జాతీయ కళాశాల మనిషిగానే పరిచయం చేశారు. కళాశాలకు అంతకన్నా గొప్ప సన్మానపత్రం మరొకటి లేదు. రాట్నం స్థానంలో అశోకచక్రంతో రాజ్యాంగసభ 1947 జులై 22న ఆ జెండాను ఆమోదించింది.

మాస్టారి జీవితం మాత్రం అంత వెలుగులో ముగియలేదు. 1963 జులై 4న విజయవాడలో పేదరికంలోనే ఆయన కన్నుమూశారు. విరాళాల మీద నడిచే చోట పనిచేసినవారికి సర్కారు కొలువులో ఉండే పెన్షన్ భరోసా ఎక్కడిది? విగ్రహాలు వచ్చాయి, 2009లో తపాలా బిళ్ల వచ్చింది. ఇంటిదాకా సాయం రావడానికి ఇంకా కాలం పట్టింది. 2021 మార్చి 12న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి మాచర్ల వెళ్లి, ఆయన కుమార్తె ఘంటసాల సీతామహాలక్ష్మికి 75 లక్షల రూపాయలు అందించారు. అప్పటికి ఆమె వయసు 99 ఏళ్లు. మరుసటి ఏడాది జులైలో ఆమె వెళ్లిపోయారు. కొద్ది రోజులకే, ఆగస్టు 2న, ఢిల్లీలో తండ్రి పేర మరో తపాలా బిళ్ల విడుదలైంది.

తండ్రి పోయాక ఆ ఇంటికి సాయం చేరడానికి 58 ఏళ్లు పట్టింది.

సాయం వెంటనే చేరితే ఎలా ఉంటుందో కూడా తెలుగు నేల చూసింది. వెంకయ్య పత్తి పండించిన నడిగూడెం ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉంది. అదే సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్‌బాబు 2020 జూన్ 15న గల్వాన్ లోయలో అమరుడయ్యారు. వారం తిరిగేసరికి తెలంగాణ ముఖ్యమంత్రి ఆ ఇంటికి వెళ్లారు. కుటుంబానికి 5 కోట్ల రూపాయలు, భార్య సంతోషికి గ్రూప్-1 ఉద్యోగం, బంజారాహిల్స్‌లో ఇంటి స్థలం ఇచ్చారు. జులై 22న ఆమె డిప్యూటీ కలెక్టరుగా నియామక పత్రం అందుకున్నారు. ఏడాది తిరిగే రోజుకు సూర్యాపేటలో ఆయన విగ్రహం వెలిసింది. ముందు ఇల్లు నిలబడింది, తర్వాత విగ్రహం నిలబడింది. ఆ వరస సరైనది.

ప్రభుత్వం చేయగలిగినంత ఒక కళాశాలో, పూర్వ విద్యార్థుల సంఘమో చేయలేకపోవచ్చు. కానీ గురువు కన్నుమూసిన నెలలోనే ఆయన భార్యను కలిసి పెన్షన్ కాగితాలు పూర్తయ్యాయా, మందులకు ఇబ్బంది ఉందా, పిల్లల ఫీజులు కట్టారా అని అడగవచ్చు. జూబ్లీ నిధిలో ఒక భాగాన్ని అలాంటి ఇళ్ల కోసం విడిగా బ్యాంకులో వేసి ఉంచవచ్చు.

రాయదుర్గం, కొండాపూర్ ఆఫీసుల్లో పనిచేస్తూ ఈ సంచిక తిరగేస్తున్న వారికి ఒక మనవి. మీకు పాఠం చెప్పి వెళ్లిపోయిన ఒక మాస్టారి పేరు తలచుకోండి. ఈ ఆదివారం ఆ ఇంటికి ఫోన్ చేసి, అమ్మగారు ఎలా ఉన్నారో కనుక్కోండి.