రికార్డులోని విమాన మైదానం ఏ ఊరిది? పాలమూరు ఆధారంగా ఒక పరిశీలన

రెండో ప్రపంచ యుద్ధకాలపు విమాన మైదానాల గుర్తింపులో వైమానిక దళ స్క్వాడ్రన్ డైరీలకే పెద్దపీట వేస్తున్నారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వంటి ప్రాంతాల్లో తుది మాట రెవెన్యూ రికార్డుదే కావాలని ఈ వ్యాసం వాదన.

డైరీల్లోని పేర్లను మాత్రమే నమ్మితే చిక్కే. ఏథెన్స్ దగ్గరి ఒకే మైదానం కలమాకి, హసాని, ఎల్లినికో అనే పేర్లతో కాగితాల్లో కనిపిస్తుంది. పేరుకొకటి చొప్పున లెక్కవేస్తే ఒకటి మూడవుతుంది. మన దగ్గర చిక్కు వేరు. మైదానం ఒక ఊరిలో, పేరు పక్క పట్టణానిది. వరంగల్ మైదానం ఉన్నది మామునూరులో, రాజమండ్రిది మధురపూడిలో. గన్నవరాలూ రెండున్నాయి, విమానాశ్రయం కృష్ణా జిల్లా గన్నవరానిది, కోనసీమలోని పి.గన్నవరానిది కాదు.

పాలమూరులో ఈ జాగ్రత్త మరీ అవసరం. వనపర్తి రోడ్డు స్టేషన్ ఉన్నది మదనాపురంలో. ఆ స్టేషన్ పేరు చూసి వనపర్తి పట్టణం చుట్టూ వెతికితే శ్రమ వృథా. కర్నూలు మద్రాసు ప్రెసిడెన్సీలోది, నాగర్‌కర్నూల్ నిజాం రాజ్యంలోది; ఒకదాని కాగితాలు మరొకదాని దస్త్రాల్లో దొరకవు. తేదీలూ తికమక పెడతాయి. మద్రాసు ఫసలీ (రెవెన్యూ సంవత్సరం) జూలై 1న మొదలైతే, హైదరాబాద్ ఫసలీ అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలైనప్పుడు తుంగభద్రకు అవతల కర్నూలులో 1349 ఫసలీ, ఇవతల గద్వాలలో ఇంకా 1348. ఈ తేడా గమనించకపోతే భూసేకరణ ఉత్తర్వు తేదీ ఏడాది అటో ఇటో జరిగిపోతుంది.

అసలు పరీక్ష నేల మీదే. సేత్వార్‌లో (సర్వే సెటిల్‌మెంటు నాటి భూమి రిజిస్టరులో) పట్టాదారుల పేర్లున్న వరుస సర్వే నంబర్లు 1954-55 కాస్రా పహాణీకి (ఊరి భూముల రికార్డుకు) వచ్చేసరికి ఒక్కసారిగా సర్కారీ అయ్యాయా? అయితే గ్రామ నక్షా తీయాలి. చెరువు శిఖం (మునక భూమి) అయితే అంచు వంకర్లు తిరుగుతుంది. రన్‌వే అలా కాదు. వాగునూ పొలం గట్లనూ పట్టించుకోకుండా కిలోమీటరుకు పైగా తిన్నగా సాగుతుంది. రోడ్డూ రైలుదారీ కూడా తిన్నగానే సాగుతాయి గాని, ఊరి పొలిమేర దాటి ముందుకు పోతాయి. రన్‌వే రెండు కొసలా ఆగిపోతుంది. నక్షాలో ఈ ఆకారం, పహాణీలో ఆ మార్పు, స్క్వాడ్రన్ రికార్డులో తేదీ మూడూ కలిసినప్పుడే గుర్తింపు నిలుస్తుంది.

గద్వాల, వనపర్తి సంస్థానాలు కావడం వల్ల జాగీర్ల రద్దుకు ముందరి, అంటే 1949కి ముందరి, దస్త్రాలను నాగర్‌కర్నూల్ దివాణం (నిజాం ప్రభుత్వపు నేరు పాలన) దస్త్రాల నుంచి విడిగా చూడాలి. అలాగే దేవరకద్ర దగ్గరి గుడిబండలో విమానాశ్రయ ప్రతిపాదన పూర్తిగా కొత్త స్థలానికి సంబంధించినది. దాన్ని యుద్ధకాలపు ఆనవాలుగా ఉదహరించడం తప్పు.

ఊరి పేరు, సర్వే నంబరు తేలనిదే ఏ మైదానాన్నీ పటం మీద చుక్కగా పెట్టకూడదు. ఈ జిల్లాల మీద పనిచేసే యువ పరిశోధకులు విదేశీ ఆర్కైవ్స్‌కు ఉత్తరాలు రాసేముందు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో కూర్చోవాలి. ఉర్దూ, ఫారసీ దస్తూరి చదవడం నేర్చుకోవాలి.