వార్డు అవసరం లేని చోట: స్వీయహాని ఆలోచనలున్న పిల్లలకు ఓపీ చికిత్స

చచ్చిపోవాలనిపిస్తోందని బిడ్డ నోరు విప్పి చెబితే, వెంటనే ఆసుపత్రిలో చేర్చాలన్న కంగారు సహజం. ప్రాణానికి తక్షణ ప్రమాదం ఉంటే చేర్చాల్సిందే. ఆ గండం గడిచాక, లేదా అంతదాకా రాకముందు, చికిత్స సాగాల్సింది ఓపీలోనే. అక్కడ ఏది పనిచేస్తుంది?

ఇప్పటికి గట్టి ఆధారం కనిపిస్తున్నది డయలెక్టికల్ బిహేవియర్ థెరపీకి. పెద్దల కోసం మార్షా లినెహాన్ రూపొందించిన ఈ పద్ధతిని తర్వాత కౌమారులకు అనువుగా మలిచారు. ఓస్లోలో 77 మందిపై జరిగి 2014లో వెలువడిన పరిశోధనలో, 19 వారాల ఈ థెరపీ స్వీయహానిని మామూలు చికిత్స కంటే ఎక్కువగా తగ్గించింది. అమెరికాలో 173 మందిపై జరిగిన 2018 నాటి పరిశోధనలోనూ ఆరు నెలల చికిత్స ముగిసేసరికి ఇదే మొగ్గు కనిపించింది. ఏడాది తిరిగేసరికి మాత్రం రెండు బృందాల మధ్య తేడా గణాంకపరంగా నిలవలేదు. దీన్ని వైఫల్యమనలేను. ఆ వయసు పిల్లలకు కొన్ని నెలల ముందు ఊరట దొరకడం చిన్న సంగతి కాదు.

ఈ థెరపీలో బిడ్డ రోజూ ఒక కార్డు నింపుతుంది: హాని చేసుకోవాలన్న కోరిక ఈరోజు 0 నుంచి 5 దాకా ఎంత? 4 వేసిన రోజును థెరపిస్టు పక్కన కూర్చుని మెల్లగా వెనక్కి నడిపిస్తారు. స్కూల్లో ఏమైంది, ఇంటికొచ్చాక ఎవరేమన్నారు, గది తలుపు ఎప్పుడు వేసుకుంది? ఆ గొలుసు ఎక్కడ తెంపగలమో ఇద్దరూ కలిసి వెతుకుతారు. నైపుణ్యాల తరగతికి అమ్మానాన్నలూ వస్తారు. ‘‘ఇంత మాత్రానికేనా?’’ అనడం అలవాటైన నోట ‘‘నీకెంత కష్టంగా ఉందో తెలుస్తోంది తల్లీ’’ అన్న మాట పలికించాలంటే సాధన కావాలి.

అలాగని ఇంటిల్లిపాదినీ కూర్చోబెడితే చాలనుకోలేం. బ్రిటన్‌లో 832 మందిపై కుటుంబ చికిత్సను పరీక్షించారు. స్వీయహానితో పిల్లలు మళ్లీ ఆసుపత్రికి రావడం మామూలు చికిత్సతో పోలిస్తే తగ్గలేదు.

చచ్చిపోవాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయానికి కూడా ఆధారం దొరకలేదు. న్యూయార్క్ రాష్ట్రంలో 2 వేలకు పైగా హైస్కూలు విద్యార్థులపై జరిగిన పరిశోధన 2005లో ఈ సంగతి తేల్చింది. కాబట్టి సూటిగా అడగవచ్చు. ఇంట్లో మందులు, పురుగుమందులు తాళం వేసి ఉంచాలి. అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలో బిడ్డతోనే కాగితం మీద రాయించాలి. అందులో మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉండాలి.

పై థెరపీ పరీక్షల్లో పాల్గొన్నవారిలో అత్యధికులు ఆడపిల్లలు, అదీ సంపన్న దేశాల వాళ్లు. మగపిల్లలకు, మన జిల్లా ఆసుపత్రికి వచ్చే పిల్లలకు ఇంతే మేలు జరుగుతుందని చెప్పడానికి ఈ ఆధారం చాలదు.