కోనసీమలో రెండవ బండి

ఇరుప్రక్కల గౌతమీ వసిష్ఠ శాఖలును, దక్షిణమున సముద్రమును హద్దులుగా, లోపల వైనతేయ పాయయు, కౌశికయు, లెక్కకు మిక్కిలియైన కాలువలును ముక్కలు ముక్కలుగా చీల్చిన కోనసీమలో, మనుష్యుడు ఏ వాహనము నెన్నుకొనవలెనన్న ప్రశ్నకు ధనముకంటెను అభిరుచికంటెను ముందుగా నీరే సమాధానము చెప్పుచు వచ్చినది. ఐనవిల్లిలో నేడొక గృహస్థు, దినదినము అమలాపురమునకు పోయివచ్చుటకు ఇంట ఒక మోటారుసైకిలుండగా, భార్యతో కలిసి ఉదయము బయలుదేరి అంతర్వేదియో ద్రాక్షారామమో దర్శించుకొని పొద్దుగ్రుంకునప్పటికి ఇల్లు చేరుటకు సుఖముగా నుండు మరియొక బండి కొనదలచి, ఏది కొనవలెనా యని ఆలోచించుచున్నాడన్నచో అది స్వల్పవిషయముగా తోచవచ్చును. కాని ఆ ఆలోచన పుట్టుటకు నూటడెబ్బది యేండ్లకు పైబడిన కాలువల, రేవుల, వంతెనల చరిత్ర కారణము. ఆ చరిత్రను పరిశీలించినకొలది నాకొక అభిప్రాయము దృఢపడినది: ఈ సీమలో మొదటి బండి నడుపువాని పనికొరకు వచ్చినది, రెండవ బండి వెనుక కూర్చుండువారి సుఖముకొరకు కొనదగినది.

1847లో ఆరంభమై 1852లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్ట కాటన్ దొరకు చిరకీర్తిని, డెల్టాకు పంటను ఇచ్చుటయే కాక, ప్రయాణమునకొక క్రొత్త త్రోవనుగూడ ఇచ్చెను. పొలములను తడిపిన కాలువలే జనులను మోసెను. గన్నవరమువద్ద వైనతేయముపై 49 కమానులతో 1850ల దశకమున నిర్మింపబడిన అక్విడక్టు, కాలువనీటిని నదిమీదుగా రాజోలు వైపునకు దాటించెను. ఆ కాలపు పడవలో కుటుంబమంతయు, ముసలివారును పసిబిడ్డలును వంటపాత్రలును సహా, ఒక్కచోట కూర్చుండి పోయెడిది. గాలి అనుకూలించినపుడు తెరచాప ఎత్తియు, లేనపుడు గట్టుమీద నడచుచు త్రాటితో లాగియు పడవవారు దానిని నడపుచుండిరి. సుఖమున్నది గాని వేగము లేదు. నేడు ఒక పూటలో ముగియు అంతర్వేది యాత్రకు నాడు దారిలో వంటయు బసయు కావలసియుండెను. లంకలగన్నవరములో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళగాని వేళ వచ్చిన బాటసారులకు వండిపెట్టి అన్నపూర్ణయని పేరొందుట ఆ మందగమన యుగపు అవసరమునుండి వెలసిన మహాకార్యము.

గట్టుదారుల పరిస్థితి వేరు. పుంతలలో వానకాలమున ఎడ్లబండ్లు ఇరుసువరకు దిగబడెడివి. 1928లో కాకినాడనుండి కోటిపల్లివరకు రైలు వచ్చినది గాని, గౌతమి ఆవలి గట్టుననే ఆగిపోయినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1940లో, ఆ పట్టాలనుగూడ పెరికి తీసికొనిపోయిరి. మరల ఆ మార్గమున రైలు కూత వినబడినది 2004లో. కావున ఐనవిల్లి ప్రాంతపు మనుష్యునికి స్వంతముగా దూరమును జయింప చేతికందిన మొదటి యంత్రము సైకిలే. అది ఏటిగట్టుమీద నడచును, పడవలోనికి ఎత్తవచ్చును, దాని వెనుకకట్టెపై కొబ్బరికాయల బస్తాయు కట్టవచ్చును. కాని పడవలో సకుటుంబముగా పోయిన గృహస్థు సైకిలెక్కగానే ఒంటరివాడాయెను; ఇల్లాలు ఇంటనే నిలిచెను.

మోటారుసైకిలు ఆ ఒంటరితనమును మొదట తీర్చలేదు. 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడి, సైన్యమునకు ఉపయోగపడిన బుల్లెట్టు దేశములోనే తయారగుట ఆరంభమైనది. 1961లో మైసూరునుండి జావాయు, ఆ తరువాత ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూతును వచ్చినవి. వీనిలో ప్రతిదానికి ఒక ప్రత్యేకత కలదు: నాటి బుల్లెట్టునకు గేరు కుడికాలివద్దను, వెనుక బ్రేకు ఎడమకాలివద్దను ఉండెడిది, జావాకు కిక్కుకాడయే క్రిందికి వంచినచో గేరుకాడగా పనిచేసెడిది, పోలెండు నమూనాపై పుట్టిన 175 సీసీల రాజ్‌దూతు పాలక్యానులు మోయుటలో పల్లెలకు నమ్మకమైన సేవకుడాయెను. బుల్లెట్టు పాతరకములలో నడుపువానికి స్ప్రింగుల పీట వేరుగా నుండగా, వెనుకవానికి ఒక చిన్న మెత్త మాత్రమే దక్కెడిది. మోతుబరి రైతో, వైద్యుడో, పోలీసు అధికారియో ఎక్కు ఆ బండి హోదాకు చిహ్నము. ఇంటిల్లిపాది విహారమునకు సాధనము కాదు.

మరియు రేవు అనునది ఒకటి కలదు. ఐనవిల్లి మండలములోని ముక్తేశ్వరమునుండి గౌతమి దాటి కోటిపల్లి పోవు పంటుమీదికి బండి ఎక్కించుట చూచినవారికి, యంత్రముయొక్క బరువన నేమో పుస్తకము చదువకయే తెలియును. ఏరు తగ్గిన వేసవిలో రోడ్డు చివరనుండి నీటి అంచువరకు ఇసుకలో చక్రము కూరుకొనిపోవుచుండును. వెనుకనున్న ఇల్లాలు ముందే దిగి, చీర కుచ్చెళ్లు ఒకచేత ఎత్తిపట్టి, బిడ్డను చంకనిడుకొని బల్లమీదుగా నడచిపోవును. తరువాత బండివాడు మొదటి గేరులో, సగము క్లచ్చి పట్టి, రెండు కాళ్లు నేలకు ఆన్చుచు చక్రమును సరిగా బల్ల నడుమకు తెచ్చును. కళాసి వెనుక క్యారియరు పట్టి నెట్టును. ముందుచక్రము పంటుపై పడిన క్షణముననే బ్రేకు బిగింపవలెను, లేనిచో ఎదుటనున్న సైకిళ్లపై పడును. తేలికబండి నొక్కడే ఎక్కించుకొనును. బుల్లెట్టునకు ఇద్దరు సాయము పట్టవలెను. ప్రవాహము పంటును ఊపినంతసేపు దాని బరువును తొడకానించి నిలువవలెను. ఇట్టి రేవులు దారికడ్డముగా నున్నంతకాలము ఈ సీమలో బరువుబండి కొన్నవాడు కాలు కదపునపుడెల్ల ఇతరుల సాయము కోరవలసినవాడే.

అందుచేతనే తేలికబండ్లు వచ్చినపుడు కోనసీమ వానిని ఆత్మీయముగా స్వీకరించెను. 1972లో లూనాయు, 1980లో హోసూరునుండి ఇద్దరు కూర్చుండదగిన టీవీయస్ ఫిఫ్టీయు వెలువడెను. 1980ల నడుమ విదేశీయ సంస్థల సహకారముతో నూరు సీసీల బండ్లు వరుసగా దిగినవి: 1984లో ఇండ్-సుజుకీ, 1985లో హీరో హోండా సీడీ హండ్రెడ్డు, అదే సంవత్సరము యమహా ఆరెక్స్ హండ్రెడ్డు. వీనిలో నాలుగు స్ట్రోకుల ఇంజనుతో కొలది పెట్రోలుతో బహుదూరము పోవు హీరో హోండా, ఉపాధ్యాయునికిని, గుమాస్తాకును, కొబ్బరి వ్యాపారికిని మొదటి బండి యాయెను. 1994లో వచ్చిన స్ప్లెండరు ఆ స్థానమును సుస్థిరము చేసినది. నేటికిని దాని బరువు 112 కిలోల ప్రాంతము. రేవున ఒక్కడే ఎక్కించుకొనగలడు, ఇరుకుపుంతలో ఒక్క ఊపున వెనుదిప్పగలడు.

అంతలో వంతెనలు వచ్చినవి. గన్నవరమున పాత అక్విడక్టు ప్రక్కనే 2000లో క్రొత్తది ప్రారంభమై సీతమ్మగారి పేర వెలసినది. చించినాడవద్ద వసిష్ఠపై వంతెన పడినది. 2002లో యానాము, ఎదుర్లంకల నడుమ గౌతమిపై వంతెన తెరువబడి, ఆ సంవత్సరమే మార్చి 3న ప్రమాదమున మరణించిన లోక్‌సభాపతి బాలయోగిగారి పేరు ధరించెను. అమలాపురమునుండి కాకినాడకు పంటుకై వేచియుండుట తప్పిన ఆ దినమునుండి, బండి బరువు దోషమనిపించుకొనుట తగ్గి, దాని నిలుకడ గుణమనిపించుకొనసాగెను. సముద్రపుగాలి అడ్డముగా వీచు వంతెనమీదను, లారీలు దాటిపోవు 216వ జాతీయరహదారిమీదను ఇద్దరు నెక్కించుకొన్న నూరు సీసీల బండి ఆయాసపడును, తొట్రుపడును. 195 కిలోల నేటి బుల్లెట్టు అచట తాపీగా నిలిచి పోవును. రెండవ బండి కోరిక ఇట్లు వంతెనల వెంబడి వచ్చినది. గల్ఫునుండి వచ్చిన సంపాదన అనేక గృహములలో దానికి తోడాయెను.

అయినను నదులింకను మనలను పూర్తిగా విడువలేదు. ముక్తేశ్వరపు రేవున పంటు నడచుచునే యున్నది; గోదావరి పొంగినపుడు ఎదురుబిడియము కాజ్‌వే నీట మునుగుచునే యున్నది. స్ప్లెండరుకును బుల్లెట్టుకును నడుమనున్న 83 కిలోలు ఒక నిండు మనిషి బరువు. ఆ మనిషిని ఇసుకలో నెట్టుకొనిపోగలనా యని కొనువాడు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. నెట్టలేననుకొన్నవానికి 125 మొదలు 200 సీసీల వరకు గల మధ్యరకపు బండ్లు ఈ సీమకు తగినవని నా నమ్మకము: రహదారిపై ఇద్దరిని అవలీలగా మోయును, రేవున యజమాని చేతికి లొంగును.

ఇంజనుకంటె ముఖ్యమైనది వెనుకపీట. 1989 నాటి కేంద్ర మోటారువాహనముల నిబంధనలు వెనుక కూర్చుండువారికి పట్టుకొనుటకు ఆధారమును, కాలు మోపుటకు చోటును, వెనుకచక్రమును సగమునకు తక్కువకాకుండ కప్పు రక్షణయు ఉండవలెనని శాసించినవి. చీర చక్రమున చిక్కి కలుగు ఘోరప్రమాదములను తలచినచో చక్రమును కప్పు ఆ జాలీ యెంత అమూల్యమో తెలియును. అట్లుండియు, పీట వెనుకభాగమును చిన్నదిచేసి పైకెత్తి, చూపునకు చురుకుగా నుండునట్లు తీర్చిన బండ్లను యువకులు మక్కువతో కొనుచున్నారు. ఆ పీటపై ఒకప్రక్కగా కూర్చుండి అప్పనపల్లి పోయిరావలసిన తల్లిని ఎవరడిగిరి? కొనుటకు పోవునపుడు ఆమెను వెంట తీసికొనిపోవలెను; ఆమె కూర్చుండి, కాలు అందునో లేదో, చేతికి పట్టు దొరకునో లేదో చూచి చెప్పిన పిమ్మటనే సొమ్ము చెల్లింపవలెను.

క్రొత్తబండి ఇల్లు చేరకముందే ఐనవిల్లి విఘ్నేశ్వరుని ముంగిట నిలుపుట ఇచటివారికి ఆచారము. పెట్రోలుటాంకుపై పసుపుకుంకుమలు దిద్ది, చక్రముల క్రింద నిమ్మకాయలుంచి, కొబ్బరికాయ కొట్టి, మొదటి అడుగు ముందుకు వేయుదురు. ప్రయాణము నిర్విఘ్నముగా సాగవలెనన్న ఆ ప్రార్థన నడుపువానికొక్కనికే కాదు, వెనుకనున్నవారికిని చెందినది. సకుటుంబముగా పడవనెక్కిన సీమ సైకిలు నాడు కోల్పోయిన సహయానమును తిరిగి సంపాదించుకొను అవకాశము రెండవ బండితో వచ్చినది. కావున వేగమును, ధ్వనిని, ఇరుగుపొరుగువారి మెప్పును ప్రక్కకుబెట్టి, వెనుక కూర్చుండువారి మాటకే మొదటి ప్రాధాన్యమిచ్చి ఎంచుకొన్న బండియే కోనసీమకు తగిన బండి.