నగ పోతకు ముందు నమూనా: మైనం, చెక్క, మెషీన్

ఈ ఏడాది మన సమాఖ్య సమావేశాల్లో ఇత్తడి నగల యూనిట్ మాట వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న: సీఎన్‌సీ మెషీన్ మీద చిన్న చిన్న చెక్క నమూనాలు కోయించుకుంటే మనకు గిట్టుతుందా? లెక్కలు వేరే చూసుకుందాం. అసలు నమూనా అనేది ఎవరి చేతిలో ఉంటే ఎవరు బాగుపడ్డారన్నది ఇక్కడ చెప్పుకుందాం.

మనకు దగ్గరిది ఆదిలాబాద్ డోక్రా. ఉషేగాం వంటి ఊళ్లలో ఓజా కుటుంబాలు గోండులకు దేవతా విగ్రహాలు, గంటలు, నగలు ఇత్తడితో పోసి ఇస్తూ వచ్చాయి. మట్టి ముద్ద మీద మైనపు తీగెలు చుట్టి రూపం తెస్తారు, పైన మళ్లీ మట్టి పూస్తారు. కాలిస్తే మైనం కరిగిపోతుంది, ఆ ఖాళీలోకి ఇత్తడి దిగుతుంది. వస్తువు బయటికి తీయాలంటే మూస పగలగొట్టాల్సిందే. ఒక నమూనాకు ఒక్కటే వస్తువు. అందుకే ఏ రెండూ అచ్చం ఒకలా ఉండవు. అందం అదే, కష్టమూ అదే. వంద లాకెట్లకు ఆర్డరొస్తే వందసార్లు మైనం చుట్టాలి మరి! 2018లో ఈ పనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

చెక్క నమూనా దారి వేరు. బంకమన్ను కలిసిన సన్న ఇసుకలో నొక్కి, మెల్లగా పైకి తీసి, ఆ గుంటలో లోహం పోస్తారు. నమూనా పాడవదు, మళ్లీ నొక్కుకోవచ్చు. ఇటలీలో పతకాలకు మైనంతో నమూనా చేస్తుంటే, జర్మనీ వాళ్లు గట్టి చెక్క మీద ఉలి పట్టారు. 1518 ప్రాంతంలో ఆగ్స్‌బర్గ్‌లో హాన్స్ ష్వార్ట్స్ అనే ఆయన మనుషుల ముఖాలు చిన్న చెక్క బిళ్లల మీద చెక్కి, వాటితో పతకాలు పోయించాడు. న్యూరెంబర్గ్‌లో పీటర్ ఫ్లోట్నర్ చేసిన నమూనాలైతే సీసంలో పోతపోసి కంసాలుల దుకాణాలకు చేరాయి. ఎక్కడెక్కడి గిన్నెల మీదో, పెట్టెల మీదో ఆ బొమ్మలే దిగాయి. ఆయన 1546లో పోయాక కూడా ఆ వాడకం ఆగలేదు. నమూనా చేతికొచ్చినవాడు పోసుకుంటూనే ఉంటాడు, చెక్కినవాణ్ని అడిగేదెవరు?

ఇక మెషీన్. అమెరికాలో జాన్ పార్సన్స్ హెలికాప్టర్ రెక్కల పని కోసం అంకెలతో కోత నడిపే ఆలోచన చేశాడు. 1952లో ఎంఐటీలో చిల్లుల కాగితపు టేపుతో నడిచే మెషీన్‌ను చూపించారు. ఇప్పుడు ఆ టేపు స్థానంలో కంప్యూటర్ ఫైలు ఉంది. బల్ల మీద పట్టేంత చిన్న మెషీన్లూ వచ్చాయి.

మెషీన్ వచ్చినా చెక్క గుణం మారదు. కొండపల్లి బొమ్మల పొణికి తేలిక, మెత్తన. సన్న గీత దాని మీద నిలవదు. పోగు దగ్గరగా ఉన్న గట్టి చెక్క కావాలి. అంచులకు కాస్త వాలు ఇవ్వాలి, నిటారుగా కోస్తే పైకి తీసేటప్పుడు ఇసుక రాలుతుంది. చల్లారినప్పుడు ఇత్తడి నూటికి సుమారు 1.5 వంతు కుంచించుకుపోతుంది, నమూనా ఆ మేరకు పెద్దదిగా ఉండాలి. ఇసుక తేమ పీల్చకుండా లక్కో వార్నిషో పూయాలి. మరీ సన్నని పూల తీగెల పనికి ఇసుక పోత పనికిరాదు, దానికి మైనమే మేలు.

మెషీన్ కొనాలా, బయట కోయించుకోవాలా అన్నది మహాసభలో తేల్చుకుందాం. బయట కోయిస్తే మాత్రం చెక్క నమూనాతో పాటు ఫైలూ మన చేతికి రావాలి, మన డిజైన్ వేరేవాళ్లకు కోయనని కాగితం మీద రాసివ్వాలి. అవి రెండూ అందేదాకా మిగతా సొమ్ము కట్టొద్దని నా మాట.