ప్రార్థన కొండ నుండి గుండ్లకమ్మ వఱకు

తెలుగు క్రైస్తవుల నోట "పిలుపు" అను మాటకున్న బరువు ఇతరులకు సులభముగా బోధపడదు. పెండ్లికో పేరంటమునకో వచ్చు పిలుపు కాదది. మనుష్యుని బ్రతుకు నంతటిని ఒక పనికి అంకిత మొనర్ప దేవుడు పలికిన పలుకని వారి భావము. ఒక పడుచువాడు వచ్చి తనకు సేవకు పిలుపు వచ్చినదని చెప్పినప్పుడు, సంఘపెద్దలు తొలుత అడుగు ప్రశ్న ఒక్కటే: పిలిచినది దేవుడో, నీ మనస్సో, ఎట్లు తెలిసికొంటివి? ఈ ప్రశ్నకు సమాధానములు చెప్పు గ్రంథములు పెక్కు గలవు గాని, నా కవి తృప్తి నొసగినంతకంటె ఒంగోలు మిషను తొలినాళ్ళ చరిత్ర యెక్కువ తృప్తి నొసగినది.

అమెరికా బాప్టిస్టుల తెలుగు మిషను 1836లో ఆరంభమై, 1840లో శామ్యూల్ డే దొర రాకతో నెల్లూరున నిలద్రొక్కుకొనినది. ఏండ్లు గడచినను ఫలము వ్రేళ్ళ మీద లెక్కింప దగినంతయే యగుటచే, ఈ మిషనును మూసివేయుదమా యని స్వదేశమున పలుమారులు చర్చ జరిగెను. 1853లో ఆల్బనీ నగరమున జరిగిన సభలో ఇట్టి ప్రస్తావనయే వచ్చినప్పుడు, శామ్యూల్ స్మిత్ అను కవి రాత్రికి రాత్రి ఒక గీతము వ్రాసి తెలుగు మిషనును ఒంటరి నక్షత్రముగా వర్ణింపగా, మూయవలె నన్నవారి నోళ్ళు మూతపడినవి. కవిత్వ మొక సంస్థను నిలిపిన సందర్భములు చరిత్రలో అరుదు.

ఆ మరుసటి సంవత్సరాది, అనగా 1854 జనవరి 1వ తేదీ తెల్లవాఱు జామున, నెల్లూరు నుండి వచ్చిన లైమన్ జూయెట్ దొర, ఆయన భార్య, నర్సు అను తెలుగు క్రైస్తవుడు, జూలియా, రూతు అను ఇరువురు తెలుగు స్త్రీలు, ఐదుగురును ఒంగోలు నంటియున్న గుట్ట నెక్కి, క్రింద నిద్రించుచున్న ఊరిని చూచుచు, ఈ సీమకొక సేవకుని పంపుమని ఒకరి వెంట నొకరు ప్రార్థించిరి. ఆ గుట్టకే తరువాత ప్రార్థన కొండ యను పేరు వచ్చినది. వారడిగినది వెంటనే దొరకలేదు; పండ్రెండేండ్లకు పైగా కాలము గడచినది. 1862లో మరల మిషనును మూయుద మన్నారు. అప్పుడు స్వదేశమున సెలవులోనున్న జూయెట్ దొర, మీరు పంపినను పంపకున్నను నేను తెలుగువారి నడుమనే జీవించి అక్కడనే మరణించెదనని మొండిపట్టు పట్టగా, అట్లయిన నిన్ను పూడ్చుటకైన ఒకనిని తోడిచ్చి పంపవలెనని మిషను కార్యదర్శి పరిహాస మాడెనట.

పూడ్చుటకు వచ్చిన ఆ తోడే జాన్ ఎవరెట్ క్లౌ. ఇతడు చిన్ననాట అడవి భూములలో గొలుసు లాగిన సర్వేబంట్రోతు; న్యాయవాది కావలెనని కలలు కన్నవాడు. మిషను సంఘమువారు పరీక్షించుచు, మేము నిన్ను నియమింపకున్న నేమి చేసెద వని యడుగగా, మఱియొక త్రోవ వెదకుకొని ఇండియాకు పోయెద ననెనట. ఇట్టి ధైర్యము పిలుపునకు గుర్తో, యౌవనమునకు గుర్తో అప్పటికప్పుడు నిర్ణయింప శక్యము కాదు. అతడు 1865లో మద్రాసున దిగి, 1866 సెప్టెంబరులో ఒంగోలు చేరెను.

అయితే దొరకంటె ముందుగా ఆ పిలుపు స్వరమును వెదకినవా డొకడు ఆ సీమలోనే యుండెను. ఒంగోలుకు పడమట నున్న తాళ్ళకొండపాడు గ్రామపు మాదిగవాడ వాడు, యెర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ వ్యాపార మాతని వృత్తి. ముక్తి యాతని చింత. గురువు నాశ్రయించి యోగాభ్యాసము చేసి, కన్నులు మూసి గంటల తరబడి అంతరంగమున చెవియొగ్గి కూర్చుండెడివాడు. చుట్టుప్రక్కల పల్లెలలో ఆతని మాట విను వారును ఏర్పడిరి. వ్యాపారమునకై ఏలూరు ప్రాంతమునకు పోయినప్పుడు అచటి మిషనరీల నోట యేసు కథ విని, ఇన్నాళ్ళు నేను వెదకుచున్న దీయననే యని గుర్తించెను. ఈ "గుర్తించుట" యను మాటను పాఠకులు గమనింపవలెను. పేరయ్య వినినది క్రొత్త స్వరము కాదు. తనలో నెన్నాళ్ళనుండియో ఎదురుచూచిన స్వరమునకు పేరు దొరకినది. 1866లో భార్యతో కూడ బాప్తిస్మము పొంది, ఊరక కూర్చుండక పల్లె పల్లె తిరిగి చెప్పెను. 1867 జనవరిలో క్లౌ దొర తాళ్ళకొండపాడు చింతతోపున గుడారము వేయునప్పటికి, అన్నపు మూటలు నెత్తిన పెట్టుకొని పొరుగూళ్ళ జనము సిద్ధముగా వచ్చియుండిరి. ఐదు దినముల బోధ పిమ్మట 28 మంది బాప్తిస్మము పొందిరి. ఆ నెల మొదటి తేదీన ఒంగోలు సంఘము ఎనిమిది మందితో నేర్పడి యుండెను.

ఇక ఒంగోలులో జరిగిన మఱియొక యుదంతము మిక్కిలి ప్రసిద్ధము. మిషను బడికి అగ్రవర్ణముల బాలురు వచ్చుచుండిరి. వారి పెద్దలు దొర యెడల ఆదరము చూపుచుండిరి. ఇంతలో మాదిగలు సంఘమున చేరుటకు రాగా, వీరిని చేర్చుకొన్నచో మేము రాము, మా పిల్లలను పంపమని ఆ పెద్దలు స్పష్టముగా చెప్పిరి. దొర దిక్కుతోచక ఒక గదిలోనికి పోయి, అచట పేర్చియున్న బైబిళ్ళలో నొకటి తీసి తెరవగా, పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో, లోకము నీచముగా నెంచినవారినే దేవు డేర్పఱచుకొనె నన్న భాగము కంటబడెను. అదే సమయమున వేఱొక గదిలో దొరసాని హారియెట్ తెరచిన పుటయు అదే.

పుస్తకము తెరచి శకునము చూచు నాచారము మనకును లేకపోలేదు. అట్టివానిపై నాకు గురి తక్కువ. కాని ఇచట తెరచిన పుటకంటె వాకిట నిలిచియున్న మనుష్యులే నాకు ముఖ్యముగా తోచుదురు. మాదిగలు ముందుగా వచ్చి నిలువకున్నచో ఆ పుట కర్థమే లేదు. పైగా ఆ పుట చెప్పినది దొర కోరిన ప్రత్యుత్తరము కాదు. దానికి లోబడుటచే అగ్రవర్ణముల బాలురు బడి విడిచిపోయిరి. మనకు నష్టము కలిగించు మాటను మన మనస్సే కల్పించుట తఱచు కాదు గదా!

పదేండ్ల పిమ్మట ధాత కరువు వచ్చినది. కూలి దొరకక జనము మడియుచుండగా, క్లౌ దొర సర్వేబంట్రోతు నాటి విద్యను తిరిగి చేపట్టి, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకము గుత్తకు తీసికొని, వేలమందికి పని కల్పించెను. బోధకులే మేస్త్రీలైరి; పగలు మన్ను త్రవ్విన వారికి విరామ వేళల సువార్త చెప్పిరి. వేలకొలది జనము బాప్తిస్మ మిమ్మని వేడిరి. దొర ఈయలేదు. ఇది ఆత్మ పిలుపో, ఆకలి పిలుపో తేలువఱకు వేచియుండ వలెనని పదునైదు నెలలు ఒక్కరినైన చేర్చుకొనలేదు. ఒంగోలు చరిత్రలో నే నత్యంతము మెచ్చుకొను ఘట్టమిది. కొండమీది ప్రార్థనకంటెను, తెరచిన పుటకంటెను ఇదియే గొప్పది.

కరువు సాయముగా గింజలు పంచుట ముగిసి, ఇక ఇచ్చున దేమియు లేదని చెప్పిన తరువాతను జనము మరలిపోలేదు. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి కడ గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇద్దరి వంతున నీటిలో దిగి బాప్తిస్మ మిచ్చినవారు ఆర్గురు తెలుగు బోధకులు. క్లౌ దొర స్వయముగా ఒక్కరికిని ఈయలేదు.