పేరు ఎవరిది? పాట ఎవరిది? – గ్రేట్‌ఫుల్ డెడ్ పునఃకలయికల చరిత్ర

ఒక కళాబృందంలో ముఖ్యుడు చనిపోతే ఆ బృందం ఉన్నట్టా, లేనట్టా? మిగిలినవాళ్లు కొత్తవాళ్లను చేర్చుకుని అవే పాటలు పాడితే దాన్ని కొనసాగింపు అనాలా, అనుకరణ అనాలా? పైకి ఇవి అభిమానులు పొద్దుపోక వేసుకునే ప్రశ్నల్లా కనిపిస్తాయి. లోతుకు వెళ్లి చూస్తే, పదిమంది కలిసి సృష్టించిన కళ మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న వీటి అడుగున ఉంది. అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బృందం చుట్టూ 1995 తర్వాత మూడు దశాబ్దాలపాటు సాగిన వాదం ఇందుకు మంచి ఉదాహరణ. ఆ వాదాన్ని వ్యక్తుల ఇష్టాయిష్టాలకు వదిలేయకుండా దాని చారిత్రక భూమికలో పెట్టి చూడటం అవసరం.

గ్రేట్‌ఫుల్ డెడ్ 1965లో శాన్ ఫ్రాన్సిస్కో పరిసరాల్లో పుట్టింది. మొదటి పేరు వార్లాక్స్. ఆ సంవత్సరం చివరికే పేరు మారింది. జెర్రీ గార్సియా, బాబ్ వీర్ గిటార్లు, ఫిల్ లెష్ బేస్, బిల్ క్రూట్జ్‌మన్ డ్రమ్స్, పిగ్‌పెన్‌గా పిలిచే రాన్ మెకర్నన్ ఆర్గన్, గానం. వేదిక మీద ఒకే పాటను రోజుకొక తీరుగా పెంచుకుంటూ పోవడం వీళ్ల పద్ధతి. మన సంగీతంలో మనోధర్మం అంటామే, దానికి దగ్గరి విషయం ఇది. ఇవాళ పాడే వరస రేపు ఉండదు. ఒకరు మొదలుపెట్టింది ఇంకొకరు అందుకోవాలి. ఈ పద్ధతిలో పాడే బృందాలనే తర్వాతి కాలంలో జామ్ బ్యాండ్‌లు అన్నారు. ముప్పై ఏళ్లలో వీళ్లు చేసిన ప్రదర్శనలు రెండువేల మూడువందలకు పైమాట.

‘అసలు బృందం’ అనే మాటను ముందుగా పరీక్షించాలి. 1967లో మికీ హార్ట్ రెండో డ్రమ్మర్‌గా చేరాడు. బృందానికి మేనేజర్‌గా ఉన్న హార్ట్ తండ్రి డబ్బు కాజేసిన సంగతి బయటపడ్డాక 1971లో హార్ట్ తప్పుకున్నాడు, కొన్నేళ్లకు తిరిగి వచ్చాడు. 1968లోనే వీర్‌నూ పిగ్‌పెన్‌నూ వాయిద్యంలో వెనకబడ్డారని తొలగించాలన్న ఆలోచన వచ్చింది, నిలవలేదు. 1971లో కీత్ గాడ్‌షో, 1972లో అతని భార్య డొనా జీన్ చేరారు. 1973లో పిగ్‌పెన్ ఇరవై ఏడేళ్లకే చనిపోయాడు. 1979లో గాడ్‌షో దంపతులు వెళ్లిపోగా బ్రెంట్ మిడ్‌లండ్ వచ్చాడు. అతను 1990లో మరణించాక విన్స్ వెల్నిక్ చేరాడు, కొంతకాలం బ్రూస్ హార్న్స్‌బీ తోడున్నాడు. అంటే చేతులు మారని, గొంతులు మారని గ్రేట్‌ఫుల్ డెడ్ చరిత్రలో ఎన్నడూ లేదు. మార్పు వచ్చిన ప్రతిసారీ అభిమానుల్లో వాదం వచ్చింది. పిగ్‌పెన్ లేని బృందం బృందమే కాదన్నవాళ్లున్నారు. డొనా గొంతు శ్రుతి తప్పుతోందని గొణిగినవాళ్లున్నారు. ఆ దశే అత్యుత్తమం అన్నవాళ్లూ ఉన్నారు. డొనా, కీత్ ఉన్న 1977 మే 8 నాటి కార్నెల్ విశ్వవిద్యాలయ ప్రదర్శనను ఆ తర్వాత అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం భద్రపరచవలసిన రికార్డింగుల జాబితాలో చేర్చుకుంది.

ఇంకొంచెం వెనక్కి వెళితే ‘అసలు’ అనే భావన మరింత పలచబడుతుంది. ఈ బృందం సంగీతం ఎక్కడినుంచి వచ్చింది? నల్లజాతి ప్రజల బ్లూస్ నుంచి, కొండప్రాంతపు శ్వేతజాతి పేదల బ్లూగ్రాస్ నుంచి, ఊరూపేరూ లేని జానపద గీతాల నుంచి. పిగ్‌పెన్ తండ్రి నల్లవారి రిథమ్ అండ్ బ్లూస్ పాటలను రేడియోలో వినిపించినవాడు. మికీ హార్ట్ 1960ల చివర తబలా విద్వాంసుడు అల్లా రఖాను కలుసుకుని భారతీయ తాళగణితాన్ని తన వాద్యంలోకి తెచ్చుకున్నాడు. అల్లా రఖా కుమారుడు జాకిర్ హుసేన్‌తో కలిసి 1976లో ‘డిగా’ అనే రికార్డు చేశాడు. 1991 నాటి ‘ప్లానెట్ డ్రమ్’లో జాకిర్ హుసేన్‌తోబాటు ఘటం విద్వాంసుడు విక్కు వినాయక్రామ్ కూడా వాయించాడు. ఇన్ని చేతుల మీదుగా వచ్చినదాన్ని ఒక ముఠా సొత్తుగానో, ఒక మహానుభావుడి ప్రతిభగానో కుదించడం చరిత్రకు అన్యాయం.

ఈ బృందాన్ని తక్కిన రాక్ బృందాల నుంచి వేరుచేసింది ప్రేక్షకుల పాత్ర. 1971లో వెలువడిన రికార్డు కవరు మీద అభిమానులను చిరునామాలు పంపమని అడిగారు. ఆ చిరునామాలతో ఒక సమూహం ఏర్పడింది. డెడ్‌హెడ్స్ అనే ఈ అభిమానులు ఊరినుంచి ఊరికి బృందం వెంట తిరిగేవారు. ప్రదర్శనలను సొంత టేపుల్లో రికార్డు చేసుకునేవారు. 1984లో బృందమే టేపు చేసేవాళ్లకు హాల్లో విడిగా చోటు కేటాయించింది. ఆ టేపులను అమ్ముకోకూడదు, పంచుకోవాలి. ఇదొక నీతిగా నిలబడింది. ఏ తేదీన ఏ పాట ఎంతసేపు సాగిందో లెక్కగట్టి భద్రపరిచింది ఈ అభిమానులే. జీతంలేని ఈ శ్రమ లేకపోతే ఇవాళ బృందం చరిత్రలో సగం గాలిలో కలిసిపోయేది.

దీన్ని చూసి ఇదొక సామ్యవాద స్వర్గమని మురిసిపోనక్కర్లేదు. ప్రేక్షకుల్లో అత్యధికులు శ్వేతజాతి మధ్యతరగతి యువత. బృందం తన వ్యాపారం తాను చేసుకుంది. 1987లో ‘టచ్ ఆఫ్ గ్రే’ పాట అమెరికా జాబితాల్లో తొమ్మిదో స్థానానికి చేరాక స్టేడియంలు నిండిపోయాయి. పాత అభిమానులు కొత్తగా వచ్చినవాళ్లను ఆ పాట పేరుతోనే వెక్కిరించారు. నిజమైన బృందం ఏదన్న తగువుకు నిజమైన అభిమాని ఎవరన్న తగువు తోడైంది. 1995 జూలైలో ఇండియానాలో టికెట్లు లేనివాళ్లు కంచె పడదోసి లోపలికి దూకితే మర్నాటి ప్రదర్శన రద్దయింది. సమష్టి అనుకున్నదాని పగుళ్లు అప్పటికే బయటపడ్డాయి.

1995 జూలై 9న షికాగోలో చివరి ప్రదర్శన. ఆగస్టు 9న గార్సియా చనిపోయాడు. డిసెంబరులో గ్రేట్‌ఫుల్ డెడ్ ఇక ఉండదని మిగిలినవాళ్లు ప్రకటించారు. 1996లో గార్సియా చితాభస్మంలో కొంత భాగాన్ని రిషీకేశ్ దగ్గర గంగలో కలిపారు. కథ అక్కడితో ముగియలేదు. 1998లో ‘ది అదర్ వన్స్’ పేరుతో కొందరు కూడారు. 2003లో అదే బృందం ‘ది డెడ్’గా మారింది. గార్సియా మీది గౌరవంతో పూర్తి పేరు వాడలేదు. 2009లో వీర్, లెష్ కలిసి ‘ఫర్దర్’ పెట్టారు. దానికి గిటారిస్టుగా తెచ్చుకున్న జాన్ కడ్లెసిక్ అంతకుముందు ‘డార్క్ స్టార్ ఆర్కెస్ట్రా’లో వాయించినవాడు. పాత ప్రదర్శన ఒకదాన్ని ఎంచుకుని ఆనాటి పాటల వరుసను మొదటినుంచి చివరిదాకా తిరిగి వాయించే బృందం అది. అనుకరించేవాడు అసలువాళ్ల పక్కన నిలబడితే ఎవరు అసలు, ఎవరు నకలు? అభిమానులు రెండుగా చీలిపోయారు.

ఈ పునఃకలయికల్లో చోటు దొరకనివాళ్ల గురించి చర్చ తక్కువగా జరిగింది. చివరి అయిదేళ్లు కీబోర్డు వాయించిన వెల్నిక్‌ను 1998లో గానీ ఆ తర్వాత గానీ కలుపుకోలేదు. అతను 2006లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఒక మనిషి మరణానికి ఒక్క కారణం చెప్పడం సాహసం, ఆ పని మనం చేయవద్దు. కానీ ‘కుటుంబం’ అని తనను తాను పిలుచుకున్న బృందంలో ఎవరు బంధువు, ఎవరు కూలివాడు అన్న ప్రశ్నను దాటవేయలేం.

ఆస్తి ప్రశ్న గిటార్ల విషయంలో మొదట ముందుకొచ్చింది. గార్సియా వాయించిన గిటార్లు తయారుచేసినవాడు డగ్ ఇర్విన్ అనే పనివాడు. వాటిని ఆయనకే ఇచ్చేయాలని గార్సియా వీలునామా రాశాడు. అవి ఉమ్మడి ఆస్తి అని బృందపు సంస్థ అడ్డుపడింది. 2001లో రాజీ కుదిరి రెండు గిటార్లు ఇర్విన్‌కు దక్కాయి. చేతిలో డబ్బులేని ఆ పనివాడు 2002లో వాటిని వేలం వేయవలసి వచ్చింది. ‘టైగర్’ అనే గిటార్ 9,57,500 డాలర్లు పలికింది. చేసినవాడి చేతికి తిరిగొచ్చిన పనిముట్టు మరుసటి ఏడే ధనికుడి అద్దాలబీరువాకు చేరింది.

రెండో ఘర్షణ 2005 నవంబరులో. అభిమానులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచిన వేలాది రికార్డింగులను దింపుకోవడానికి వీల్లేకుండా తొలగించమని బృందపు సంస్థ కోరింది. అభిమానులు తిరగబడ్డారు, సంతకాలు సేకరించారు, బహిష్కరణ హెచ్చరిక చేశారు. తనను సంప్రదించలేదని లెష్ బహిరంగంగా చెప్పాడు. కొద్దిరోజుల్లోనే సంస్థ సగం వెనక్కి తగ్గింది. ప్రేక్షకులు చేసిన టేపులను తిరిగి దింపుకోనిచ్చింది. వేదిక మీది యంత్రాల నుంచి నేరుగా తీసినవాటిని మాత్రం వినడానికే పరిమితం చేసింది. ముప్పై ఏళ్ల చర్చలో అభిమానులు అభిరుచి గురించి కాక హక్కు గురించి మాట్లాడిన ఘట్టం ఇదే. కొంతవరకైనా గెలిచిన ఘట్టం కూడా ఇదే.

2015 నాటికి మార్కెట్ పైచేయి సాధించింది. యాభై ఏళ్ల సందర్భంగా జీవించివున్న నలుగురూ షికాగోలో జూలై 3 నుంచి 5 దాకా వీడ్కోలు ప్రదర్శనలిచ్చారు. పాత పద్ధతిలో టపా ద్వారా టికెట్లు అడిగినవాళ్ల కవర్లు అరవైవేలు దాటాయి. దొరకనివాళ్లు మారుబేరగాళ్ల దగ్గర కొన్ని రెట్లు పెట్టి కొనుక్కున్నారు. గార్సియా స్థానంలో ఫిష్ బృందపు ట్రే అనస్టాసియో తగునా అని పోట్లాడుకున్నంతగా ఈ టికెట్ల సంగతి పట్టించుకోలేదు. వీడ్కోలు చెప్పిన కొద్ది వారాలకే ‘డెడ్ అండ్ కంపెనీ’ ప్రకటన వెలువడింది. లెష్ అందులో చేరలేదు. గిటారిస్టు జాన్ మేయర్ 1977 అక్టోబరులో పుట్టాడు, అంటే కార్నెల్ ప్రదర్శన నాటికి ఇంకా భూమి మీద పడలేదు. ఆ బృందం 2023 జూలైలో చివరి యాత్ర ముగించింది. 2024లో లాస్ వేగస్‌లోని స్ఫియర్ అనే మహాగోళంలో మళ్లీ వరసగా ప్రదర్శనలు పెట్టింది. 2025 ఆగస్టులో అరవై ఏళ్ల వేడుకకు శాన్ ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్కులో పాడింది. చివరిది అన్న మాటకే విలువ పోయింది. వీడ్కోలు కూడా ఒక సరుకైంది. ఈలోగా 2024 అక్టోబరులో లెష్ కన్నుమూశాడు.

ఈ చరిత్రను బట్టి చర్చలోని రెండు పక్షాలనూ తూచవచ్చు. గార్సియాతోనే అంతా పోయిందన్నవాళ్లది వ్యక్తిపూజ. పదిమంది అల్లిన వస్త్రాన్ని ఒక్క దారంగా చూడటం వాళ్ల లోపం. పాట ఉన్నంతకాలం ఎవరు పాడినా సరే, ఎంతకు పాడినా సరే అన్నవాళ్లది అమాయకత్వం. పాట ఎవరి అదుపులో ఉంది, ఎవరికి అందుతోంది అని వాళ్లు అడగరు. వాయించేవాళ్లు మారడం మనోధర్మ సంగీతానికి ప్రాణాంతకం కాదని 1967 నుంచి ఈ బృందమే రుజువు చేసింది. ప్రాణాంతకమైనది వేరే ఉంది. ప్రేక్షకుడు పాలుపంచుకునేవాడుగా ఉండటం మాని కేవలం కొనుగోలుదారుగా మిగిలిపోవడం.

కాబట్టి ఒక పునఃకలయికను విలువకట్టే గీటురాయి ఇది: టేపు చేసుకుని పంచుకోగల చోటు ఆ హాల్లో ఉందా? ఖాళీ జేబుతో వచ్చినవాడికి వినే దారి ఉందా? నిన్నటి కొత్తవాడికి కుటుంబంలో పీట వేశారా? వీటికి అవునని చెప్పగలిగిన బృందం, అందులో పాతవాళ్లు ఒక్కరూ లేకపోయినా, ఆ సంప్రదాయానికి వారసురాలే. చెప్పలేని బృందానికి పాత ముఖాలు ఎన్ని ఉన్నా దక్కేది పేరు మాత్రమే.