తోక పిగిలిపిట్ట ఎవరి చుట్టం?

నల్లమల లోయల్లోనో, నీడ చిక్కగా ఉన్న తోటల్లోనో తోక పిగిలిపిట్టను ఒకసారి చూసినవాళ్లు దాన్ని మరిచిపోవడం కష్టం. ఒళ్లు జానెడే. మగపిట్ట తోకలోని నడిమి ఈకలు రెండూ 30 సెంటీమీటర్ల దాకా సాగుతాయి. నల్లని జుట్టు చూసి మనవాళ్లు దీన్ని పిగిలిపిట్టల్లో కలిపారు. 1758లో లిన్నేయస్ ‘కోర్వస్ పారడైసి’ అని పేరు పెట్టి కాకుల్లో చేర్చాడు.

ఆ తర్వాతి పండితులు ముక్కును పట్టుకున్నారు. వెడల్పుగా, చదునుగా ఉండే ముక్కు, దాని మొదట్లో మీసాల్లాంటి బిరుసు ఈకలు, గాల్లోనే పురుగును అందుకునే ఒడుపు: ఇవన్నీ ఈగపట్టు పిట్టల లక్షణాలే. 1827లో గ్లోగర్ ‘టెర్ప్సిఫోన్’ ప్రజాతిని ఏర్పరిచాడు. కుటుంబం మాత్రం ఈగపట్టు పిట్టలదేనన్న అభిప్రాయం వందేళ్లకు పైగా నిలిచింది.

రంగు ఇంకో చిక్కు తెచ్చిపెట్టింది. పొడుగు తోక మగపిట్టల్లో కొన్ని ఇటుక రంగువి, కొన్ని పాలతెలుపువి. రెండూ వేర్వేరు పక్షులని చాలాకాలం అనుకున్నారు. ఆడపిట్ట ఇటుక రంగుదే, తోక పొట్టిది. సాలెగూళ్ల దారాలతో అల్లిన చిన్న గిన్నెలాంటి గూట్లో తెల్ల మగపిట్ట పొదుగుతుంటే దాని తోక బయటికి వేలాడుతుంది. పక్కనే ఇటుక రంగు ఆడపిట్ట వాలిన దృశ్యం చూశాక జాతి ఒకటేనని ఒప్పుకోక తప్పదు. శ్రీలంకలో గూడు కట్టే మగపిట్టలైతే అసలు తెల్లబడవు.

1980లలో సిబ్లీ, ఆల్‌క్విస్ట్ డీఎన్ఏలను పోల్చి చూశాక ముక్కు సాక్ష్యం వీగిపోయింది. ఒకే తీరు వేట వల్ల ఒకే తీరు ముక్కు వచ్చిందే తప్ప, ఈగపట్టు పిట్టలతో దగ్గరి రక్తసంబంధం లేదు. దీని చోటు మోనార్క్ కుటుంబంలో. అది కాకులూ ఏట్రింతలూ ఉన్న పెద్ద శాఖలోది. లిన్నేయస్ దగ్గర ఈ ఆధారాలేవీ లేవు కాబట్టి ఘనతను ఆయనకు కట్టబెట్టలేం. అయినా పిట్ట తిరిగి కాకుల చెంతకే చేరడం నాకు మహా ఇష్టమైన ఘట్టం.

2010లలో ఈ ఆసియా జాతినే మూడుగా విడదీశారు. ఆగ్నేయాసియా పక్షికి 1846లో బ్లైత్ పెట్టిన ‘అఫినిస్’, చైనా, కొరియా ప్రాంతాల పక్షికి 1852లో గౌల్డ్ పెట్టిన ‘ఇన్సీ’ మళ్లీ జాతి పేర్లయ్యాయి. ‘పారడైసి’ మన పిట్టకు మిగిలింది.